కరెంటు పోయాక కొట్టిన షాక్

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది జూన్‌లో నన్ను డిప్యూటీ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌గా సిద్దిపేటకు బదిలీ చేశారు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. హోదా పేరు వినగానే చాలామంది నన్ను కరెంటు బిల్లుల అధికారి అనుకునేవారు. మీటరు ఎక్కువ తిరుగుతోందని చెప్పుకోవడానికి వచ్చినవాళ్లను మా అటెండరు రోజూ వెనక్కి పంపుతుండేవాడు. మా పని వేరు. ఆసుపత్రి, సినిమా హాలు, రైసు మిల్లు, ఎత్తయిన భవనం లాంటి వాటి వైరింగ్ చూసి సర్టిఫికెట్ ఇవ్వడం అందులో ఒకటి. కరెంటు వల్ల మనిషో పశువో చనిపోతే అక్కడికి వెళ్లి, ఎందుకు జరిగిందో తేల్చి రాయడం రెండోది.

ప్రమాదం జరిగిన ఇరవై నాలుగు గంటల్లోగా సరఫరా విభాగం ఇంజనీరు మాకు కబురు పంపాలి. మేం వెళ్లేదాకా అక్కడి తీగలు, స్విచ్చులు ఎవరూ ముట్టకూడదు. మేం ఎవరినీ అరెస్టు చేయం, ఎవరికీ శిక్ష వేయం. కారణం రాస్తాం, అంతే. అయితే ఆ తర్వాత పోలీసులైనా కోర్టయినా ఆ కాగితాన్ని పట్టుకునే ముందుకు వెళతారు. ముప్పయ్యేళ్లకు పైబడిన సర్వీసులో అలాంటి కాగితాలు చాలా రాశాను. పొలంలో తెగిపడిన తీగలు, స్టార్టరు డబ్బాలు, తడి చేత్తో పట్టుకున్న కూలర్లు. చాలా వరకు ఒకదానిలా ఒకటి ఉంటాయి. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు.

ఆగస్టులో ఒక మంగళవారం మధ్యాహ్నం సరఫరా విభాగం టౌను సెక్షను నుంచి ప్రమాద సమాచారం వచ్చింది. వయసు ముప్పయ్యారు, గృహిణి, సొంత ఇంటి రెండో అంతస్తులో బట్టలు ఉతికే మిషన్ తాకి మృతి. మామూలుగా ఆ ఫారం అక్కడితో ముగుస్తుంది. ఈసారి అడుగున ఇంజనీరు తన చేత్తో ఒక వాక్యం రాసి గీత గీశాడు. 'ఆ సమయంలో కరెంటు లేదని కుటుంబ సభ్యులు చెబుతున్నారు.'

నేను ఫోన్ చేసి, ఇంటి మెయిన్ ఆపి సీలు వేయించారా అని అడిగాను. వేయించానన్నాడు. మరునాడు ఉదయం మా టెక్నికల్ అసిస్టెంటు యాదగిరిని వెంటబెట్టుకుని వెళ్లాను.

పాత మార్కెట్ దగ్గరి మూడంతస్తుల ఇల్లు అది. యజమాని వెంకటేశం, స్టీలు సామాన్ల దుకాణం. చనిపోయింది ఆయన భార్య కవిత. కింద వెంకటేశం తల్లిదండ్రులు ఉంటారు. తండ్రికి పక్షవాతం, మంచం మీదే ఉంటాడు. మొదటి అంతస్తులో తమ్ముడి కుటుంబం, రెండో అంతస్తులో వెంకటేశం, కవిత, ఇద్దరు ఆడపిల్లలు. నేను వెళ్లేసరికి ముంగిట్లో జనం రెండు జట్లుగా విడిపోయి కూర్చున్నారు. ఒకవైపు ఈ ఇంటివాళ్లు, మరోవైపు మిరుదొడ్డి నుంచి వచ్చిన కవిత పుట్టింటివాళ్లు. మధ్యలో ఎస్సై కుర్చీ వేసుకుని ఉన్నాడు. వెంకటేశం అక్కడ లేడు. నిన్న సాయంత్రం భార్య చితి దగ్గర నుంచే అతణ్ని స్టేషన్‌కు తీసుకెళ్లారని ఎస్సై చెప్పాడు.

"ఆమె తమ్ముడు దరఖాస్తు ఇచ్చిండు మేడం. అనుమానాస్పద మృతి అని. పోస్టుమార్టంల కుడి అరచేతి మీద, పాదం మీద కరెంటు కాలిన మచ్చలున్నయి. వీళ్లేమో అప్పుడు కరెంటే లేదంటున్నరు. లేని కరెంటు ఎట్ల కొడ్తది?"

ఆ తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. పేరు శ్రీనివాస్, అందరూ సీను అంటారు. ముప్పయి దాటి రెండు మూడేళ్లు ఉంటాయి. నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు బొంగురుపోయింది. వైర్‌మన్ పర్మిటు ఉన్న ఎలక్ట్రీషియన్నని చెప్పి జేబులోంచి పర్మిటు తీసి చూపించాడు.

"ఆ వాషింగ్ మిషన్, డ్రయరు కింది నుంచి మీదికి మార్పించింది నేనే మేడం. పాయింటు వేసింది నేనే. పదిహేను దినాలు కాలే. నా పనిల తప్పుండదు. మిషన్ల గూడ తప్పు లేదు, కావాలంటే మీరే చూసుకోండ్రి. వీళ్లు మా అక్కను ఏదో చేసిన్రు. కరెంటు లేదని అబద్ధం ఎందుకు చెప్తున్రు?"

ఎస్సై నన్ను పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పాడు. స్టేషన్‌లో కూర్చున్న వెంకటేశం కూడా ఇదే అంటున్నాడట. 'మా సీను చేసిన పని సార్, అండ్ల తప్పుండదు' అని. ఫిట్టింగులో తప్పు లేదని ఇద్దరూ అంటుంటే ఇక మిగిలింది మనుషులే కదా అన్నది ఎస్సై లెక్క.

పరీక్షలకు ముందే వాంగ్మూలాలు తీసుకోవడం మా పద్ధతి. మీటర్లు తిరగడం చూశాక మనుషులు తెలియకుండానే తమ మాటలను సర్దుకుంటారు. ముందు అత్తగారు రాజమ్మను లోపలి గదిలో కూర్చోబెట్టి అడిగాను. ఆమె చెప్పిందంతా రాసుకున్నాను.

ఆ ఇంట్లో వాషింగ్ మిషన్, పక్కనే బట్టలారబెట్టే డ్రయరు, రెండూ కొన్నది కవిత మామగారు మంచాన పడ్డాక. రోజూ దుప్పట్లు, పంచెలు ఉతకాలి, వానాకాలంలో అవి ఆరవు. రెండూ కింద, పెరటి గదిలో ఉండేవి. ఈ మధ్య ముసలాయనను దూరంగా ఉన్న బాత్‌రూముకు తీసుకెళ్లడం కష్టమై, ఆ పెరటి గదినే ఆయనకు బాత్‌రూముగా మార్చారు. అందుకని మిషన్లను రెండో అంతస్తు వెనుక రేకుల కింద ఉన్న సిమెంటు గచ్చు మీదికి చేర్చారు.

"మంగళారం పొద్దుగాల కవిత కిందికచ్చి, 'అత్తమ్మా, కరెంటు వోయింది, మిషన్ నడుమల ఆగింది' అన్నది. మామకు పాలు తాపింది. కొద్దిసేపు చూసింది. 'ఎప్పుడస్తదో ఏమో, నీళ్లల్ల నానుతున్నయి, తీసి చేత్తోని పిండుత' అని మీదికి వోయింది. గంతే మేడం. పావుగంటకు మా చిన్న కోడలు స్వప్న మొత్తుకున్నది."

కింద ఫ్యాను తిరుగుతోందా అని అడిగాను. తిరుగుతోందంది. కింద ఇన్వర్టరు ఉంది. కరెంటు పోయినా ఆ ఫ్యాను తిరుగుతుంది, ఉన్నా తిరుగుతుంది. దాన్ని బట్టి ఏమీ చెప్పలేం.

తర్వాత మొదటి అంతస్తులో ఉండే తోడికోడలు స్వప్న. అత్తకూ ఈమెకూ ఏడాదిగా మాటల్లేవని ఎస్సై ముందే చెప్పాడు. ఆమె కూడా అదే చెప్పింది. పొద్దున మిక్సీ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. లైటు ఆరిపోయింది. కాసేపటికి పైన ధబ్బున చప్పుడైతే పరుగెత్తింది. కవిత మిషన్ ముందు తడి గచ్చు మీద పడి ఉంది, మిషన్ తలుపు సగం తెరుచుకుని ఉంది, బట్టలు లోపలే ఉన్నాయి. ఈమె పట్టుకుని లేపింది. తనకు ఏ షాకూ కొట్టలేదంది.

"లైటు గూడ లేదు మేడం ఆడ. రేకుల కింద చీకటిగుంటదని పొద్దుగాల గూడ బుగ్గ ఏసుకుంటది అక్క. స్విచ్చి ఏసే ఉన్నది, బుగ్గ ఎలుగుతలేదు."

బుగ్గ అంటే బల్బు. ఇది విన్నాక నేను సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేయించి లాగ్‌బుక్ చదివించాను. ఏ లైను ఎప్పుడు ఆగింది, ఎప్పుడు తిరిగి వచ్చింది అన్నది అందులో నిమిషాలతో సహా రాస్తారు. మంగళవారం ఉదయం ఆ వీధి లైను ఒక్క క్షణం కూడా ఆగలేదు. నమ్మకం కుదరక ఎదురుగా ఉన్న పిండి గిర్ని ఆయనను అడిగాను. పొద్దున ఎనిమిది నుంచి గిర్ని నడుస్తూనే ఉందన్నాడు.

"రెండు నోళ్లు ఒక్కటే అబద్ధం చెప్తున్నయంటే, కూసొని మాట్లాడుకున్నట్టే మేడం," అన్నాడు ఎస్సై.

నాకూ అలాగే అనిపించింది. నోటుబుక్కులో 'సరఫరా లేదన్న కుటుంబ సభ్యుల వాంగ్మూలం రికార్డులతో సరిపోలడం లేదు' అని రాశాను. ఆ వాక్యం ఇప్పటికీ నా దగ్గరున్న ఆ పుస్తకంలో ఉంది. దాని కింద ఇంకో వాక్యం కూడా మొదలుపెట్టాను. 'కావున నమ్మదగినది కాదు' అని రాయబోయి, పరీక్షలు ఇంకా చేయలేదు కదా అని ఆపాను. ఆ ఆపడం నా తెలివి వల్ల కాదు, అలవాటు వల్ల.

పరీక్షలు జరిగేటప్పుడు రెండు పక్షాల నుంచి ఒక్కొక్కరు ఉండాలి. ఆ ఇంటి తరఫున వెంకటేశం తమ్ముడు, పుట్టింటి తరఫున సీను పైకి వచ్చారు. సీను పని నిజంగానే శుభ్రంగా ఉంది. మిషన్ల కింద నీళ్లు నిలవకుండా నాలుగంగుళాల అరుగు కట్టించాడు. మోసేటప్పుడు లోపలి డ్రమ్ము ఊగకుండా బిగించే బోల్టులను తీసి, పోకుండా ఒక సంచిలో వేసి గోడకు తగిలించాడు. మొదటి అంతస్తు బోర్డు నుంచి కొత్తగా మందమైన తీగలు పైపులో లాగాడు. నేను చూసిన ఇళ్లలో అంత పద్ధతిగా చేసినవి తక్కువ.

మొదట మెగ్గరుతో చూశాం. అది చేత్తో తిప్పే చిన్న యంత్రం. లోపలి కరెంటు తీగలకూ పైనున్న ఇనుప ఒంటికీ మధ్య ఎక్కడైనా లీకు ఉంటే చెబుతుంది. వాషింగ్ మిషన్‌లో లీకు లేదు. డ్రయరులోనూ లేదు. యాదగిరి రెండోసారి తిప్పాడు. అదే ఫలితం.

"నేను చెప్పలేదా మేడం," అన్నాడు సీను.

మిషన్ ఒంటికి కరెంటు లోపల నుంచి రాలేదు. మరి బయట నుంచి ఎక్కడి నుంచి వచ్చింది? మిగిలింది ఎర్త్ తీగ. ప్లగ్గులో మూడు పిన్నులుంటాయి. ఒకటి ఫేజు, అది కరెంటును తెస్తుంది. ఒకటి న్యూట్రల్, అది తిరిగి తీసుకెళుతుంది. పైనున్న లావు పిన్ను ఎర్త్. అది మిషన్ ఇనుప ఒంటికి కలిసి ఉంటుంది. అక్కడి నుంచి ఒక తీగ ఇంటి ముందు ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గుంతలోకి వెళ్లాలి. ఒంటికి ఎప్పుడైనా కరెంటు వస్తే అది మనిషిలోంచి కాక ఆ తీగ గుండా భూమిలోకి పోవాలని ఆ ఏర్పాటు. ఆ ఇంటి గుంత వాకిట్లో, మంచి స్థితిలో ఉంది. అక్కడి తీగ కింద పెరటి గది దాకానే వచ్చి ఆగింది. మొదటి, రెండో అంతస్తుల పాత వైరింగులో ఎర్త్ తీగే లేదు. ఒకప్పుడు లైట్లకూ ఫ్యాన్లకూ వేసిన వైరింగు అది.

సాకెట్ మూత విప్పాను. లోపల జానెడు కూడా లేని ఒక ఆకుపచ్చ తీగ ముక్క. ఒక కొన న్యూట్రల్‌కు, ఇంకో కొన ఎర్త్‌కు. రెండు కొసలూ చక్కగా చుట్టి, స్క్రూలు గట్టిగా బిగించి ఉన్నాయి.

"ఇది నువ్వే పెట్టావా?" అని అడిగాను.

"నేనే మేడం. లూప్." అతని గొంతులో తడబాటు లేదు. "ఎర్తు కింది నుంచి గుంజాలంటే గోడ పగలగొట్టాలె. రోజు వాన. ముసలాయన బట్టలు ఒక్క దినం గూడ ఆగవని అక్క అన్నది. న్యూట్రల్ గూడ భూమిలకే పోతది గదా మేడం. మా ఉస్తాద్ గిట్లనే పెడుతుండె. ఊకెనే పెట్టలే, ఫేజుకు ఎర్తుకు నడుమల బుగ్గ పెట్టి చూసిన. మంచిగ ఎలిగింది."

"న్యూట్రల్‌కే కలిపినప్పుడు వెలగకుండా ఎలా ఉంటుంది సీనూ? నువ్వు చూసింది ఎర్త్‌ను కాదు, న్యూట్రల్‌నే."

అతను తలూపాడు, కానీ ఇంకా అర్థమైనట్టు లేదు. నేను నా ఆలోచనను పైకి చెప్పుకుంటూ పోయాను. ఊళ్లో కరెంటు ఉంది. ఈ రెండు అంతస్తుల్లో లైటు ఆరిపోయింది, మిక్సీ ఆగింది, మిషన్ ఆగింది. ఫేజు పోయి ఉంటే మీ అక్కకు షాక్ కొట్టే ప్రశ్నే లేదు. అంటే...

నేను పూర్తిచేయలేదు. అతను తలెత్తి రేకుల కింద వేలాడుతున్న బల్బు వైపు చూశాడు. తర్వాత సాకెట్ వైపు. తర్వాత మిషన్ తలుపుకున్న ఇనుప పిడి వైపు.

"ఫేజు పోలే," అన్నాడు నెమ్మదిగా. "న్యూట్రల్ వోయింది."

"కింద పాత డబ్బాల రెండు ఫ్యూజులుంటయి మేడం. ఒకటి ఫేజుది, ఒకటి న్యూట్రల్‌ది. న్యూట్రల్‌ది తీసి చూడుండ్రి. కాలిపోయి ఉంటది." ఆ మాట అని గచ్చు మీద చతికిలబడ్డాడు. అది కవిత పడిపోయిన చోటేనని అతనికి అప్పుడు గుర్తుందో లేదో నాకు తెలియదు.

కిందికి దిగి సీలు విప్పి చూశాం. పై అంతస్తులకు వెళ్లే రెండు పింగాణీ ఫ్యూజుల్లో ఫేజు దాన్లో ఎవరో ఎప్పుడో మందమైన రాగి తీగ చుట్టారు. అది చెక్కుచెదరలేదు. న్యూట్రల్ దాన్లో పాత సన్న తీగ కరిగి, పింగాణీ మీద నల్లటి మరక మాత్రమే మిగిలింది. న్యూట్రల్‌కు ఫ్యూజు పెట్టకూడదన్నది నియమం. పాత ఇళ్లలో చాలాచోట్ల ఇంకా ఉంటుంది. డ్రయరు పైకి వచ్చాక ఆ తీగ మీద బరువు పెరిగి, మంగళవారం పొద్దున అది తెగింది.

తెలియనివారి కోసం జరిగింది చెబుతాను. న్యూట్రల్ తెగడంతో కరెంటు తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. అందుకే లైట్లు ఆరాయి. ఎవరైనా కరెంటు పోయిందనే అనుకుంటారు. కానీ ఫేజు వస్తూనే ఉంది. మొదటి అంతస్తులో గీజరు, ఫ్రిజ్ స్విచ్చులు వేసే ఉన్నాయి. వాటి గుండా వచ్చిన కరెంటు పైకి వెళ్లే న్యూట్రల్ తీగలో నిలిచి ఉంది. ఆ తీగను సీను పెట్టిన ఆకుపచ్చ ముక్క మిషన్ ఒంటికి కలిపింది. బయటికి పోవడానికి దానికో దారి కావాలి. తడి గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడి కవిత తలుపు పిడి పట్టుకుంది. ఆమె పడిపోగానే చేయి విడిపోయింది కాబట్టి స్వప్నకు ఏమీ కాలేదు. రాజమ్మ, స్వప్న చెప్పిన ప్రతి మాటా నిజం. లాగ్‌బుక్కూ నిజం. గిర్ని ఆయనా నిజమే చెప్పాడు. నా నోటుబుక్కులో నేను రాయబోయి ఆపిన వాక్యం ఒక్కటే తప్పు.

ఊహ చాలదు, కొలిచి చూపించాలి. అందరినీ దూరంగా నిలబెట్టి, న్యూట్రల్ ఫ్యూజు లేకుండానే మెయిన్ వేయించాను. రేకుల కింద స్విచ్చి వేసి ఉంది, బల్బు వెలగలేదు. వోల్టుమీటరు ఒక కొన మిషన్ ఒంటికి, ఇంకో కొన తడి గచ్చుకు తాకించాను. ముల్లు రెండు వందలు దాటి నిలబడింది. ఎస్సై దగ్గరగా వంగి ముల్లును చూశాడు, బల్బును చూశాడు, మళ్లీ ముల్లును చూశాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ముప్పయ్యేళ్లుగా కరెంటుతో బతికినదాన్ని. కారణం ఊహించి, కొలవడానికే అక్కడ నిలబడ్డాను. అయినా ఆ ఆరిన బల్బు కింద ముల్లు లేవడం చూసి ఒక అడుగు వెనక్కి వేశాను. వెంటనే మెయిన్ ఆపించాను.

సీను అది చూడలేదు. మేం పైన ఉండగానే ముంగిట్లోకి వెళ్లిపోయాడు. నేను మెట్లు దిగుతుంటే అతని మాట వినిపించింది. తన వాళ్ల మధ్య నిలబడి తల్లితో చెబుతున్నాడు.

"బావ ఏం చేయలే అవ్వా. వీళ్లెవ్వరు ఏం చేయలే. నేను పెట్టిన వైరే."

"ఏం మాట్లాడుతున్నవ్ రా?" అంది ఆ తల్లి.

"నేను పెట్టిన వైరేనే. అక్క నా వైరుతోనే వోయింది."

ఆమెకు అర్థం కాలేదు. నా వైపు తిరిగింది. "మేడం, వీడు బుగ్గ పెట్టి చూసినా అన్నడు గదా? ఎలిగిందన్నడు గదా?" అని అడిగింది.

అవును, వెలిగిందమ్మా అన్నాను. అంతకుమించి ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం ఆ నిమిషంలో నా చేత కాలేదు. నాలుగు అడుగుల దూరంలో కూర్చున్న రాజమ్మ లేచి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. పొద్దుటి నుంచి ఆ రెండు జట్ల మధ్య ఎవరైనా అటు నుంచి ఇటు రావడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నమే వెంకటేశాన్ని వదిలేశారు. మూడో రోజు అతను మా ఆఫీసుకు వచ్చాడు. గడ్డం మాసి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, సీను పేరు రాయకుండ్రి. ఎవరో మిస్త్రీ అని రాయుండ్రి. పోయిన మనిషి ఎట్లనో రాదు. గాయినకు అక్క అంటే పానం. మేం ఎవ్వరం కేసు అడుగుతలేం."

మీ మీద దరఖాస్తు ఇచ్చింది అతనే కదా అన్నాను.

"ఇచ్చిండు. నేను గాయిన జాగల ఉంటే నేను గూడ ఇద్దును."

పేరు తీయడం నా చేతుల్లో లేదని చెప్పాను. రాశాను. ఎర్త్ లేని పాయింటు, న్యూట్రల్‌కు కలిపిన ఎర్త్, న్యూట్రల్‌లో ఫ్యూజు, ఫేజులో మందపు తీగ, లీకేజీని పసిగట్టి ఆపేసే బ్రేకరు ఆ ఇంట్లో లేకపోవడం. ఆ పాయింటు వేసిన వ్యక్తి పేరు, అతని పర్మిటు. అతను తనకు తెలిసిన పద్ధతిలో పరీక్షించాడన్నదీ, న్యూట్రల్ ఫ్యూజు చూడమని చెప్పింది అతనేనన్నదీ రాశాను, అవీ వాస్తవాలే కాబట్టి. పర్మిటు రద్దయింది. నిర్లక్ష్యం వల్ల మరణం కింద కేసు పెట్టారు. నేను రిటైరయ్యాక కూడా సాక్ష్యానికి రెండుసార్లు వెళ్లాను. వెంకటేశం బోనెక్కి బావమరిదికి వ్యతిరేకంగా ఒక్క మాటా చెప్పలేదు. ఆ కేసులో తీర్పు వచ్చేసరికి, అది ఎటు వచ్చినా ఎవరికీ లాభమూ నష్టమూ మిగల్లేదు.

రిపోర్టు పంపిన పది రోజులకు సీను స్వయంగా వచ్చాడు. చేతిలో పిల్లల నోటుబుక్కులోంచి చింపిన కాగితాలు. వాటి నిండా ఊళ్ల పేర్లు, ఇళ్ల పేర్లు, పక్కన గీజరు, మోటరు, వాషింగ్ మిషన్ అని గుర్తులు.

"నేను లూప్ పెట్టిన ఇండ్లు మేడం. యాదికున్నవన్ని రాసిన. మిరుదొడ్డిల, దౌల్తాబాద్‌ల, గీడ టౌన్‌ల. నేను పోయి తీసేద్దునా అంటే నాకిప్పుడు పర్మిటు లేదు. ఎట్ల చేయాలె?"

ఆ కాగితాలు తీసుకుని ఇళ్లు లెక్కపెట్టాను. వందకు పైగా ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ ఒక ఆకుపచ్చ ముక్క, ప్రతి చోటా బల్బు మంచిగా వెలిగింది. ఒక లైసెన్సు ఉన్న కాంట్రాక్టరును మాట్లాడాను. సీను ముట్టకూడదు, చూపించాలి. కాంట్రాక్టరు మనుషులు విప్పి సరిచేయాలి. మూడు నెలలు పట్టింది. వీలున్న రోజుల్లో నేనూ వెళ్లాను. ప్రతి గడపలోనూ సీను, తను చేసిన పని తప్పని, దానివల్లే తన అక్క చనిపోయిందని ముందు చెప్పి తర్వాత లోపలికి వెళ్లేవాడు. కొందరు తిట్టారు. ఒకచోట తలుపు వేసేశారు, సర్పంచిని తీసుకెళ్లాల్సి వచ్చింది. దౌల్తాబాద్‌లో ఒక ఇంట్లో గీజరు వెనుక న్యూట్రల్ జాయింటు నల్లగా మాడి పొడిపొడిగా ఉంది. ఇంకొన్ని రోజులు ఆగితే అదే తెగేది. కొమురవెల్లిలో జాతరకు వచ్చేవాళ్లకు కిరాయికిచ్చే నాలుగు గదులున్నాయి, వాటి నాలుగు స్నానాల గదుల్లోనూ గీజర్లకు అదే లూపు. మల్లన్న దర్శనానికి వచ్చేవాళ్లు తడి ఒంటితో ఆ గీజర్ల కింద నిలబడతారు. ఆ నాలుగూ విప్పేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.

చివరిగా నా సంగతి. వైర్‌మన్ పర్మిటు పరీక్షల్లో నేను చాలా ఏళ్లు ఎగ్జామినరుగా కూర్చున్నాను. మౌఖిక పరీక్షలో ఎర్త్ ఉందో లేదో ఎలా చూస్తావని నేనే అడిగేదాన్ని. 'ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ ల్యాంపు పెడతాను, వెలిగితే ఎర్త్ ఉన్నట్టు' అని చెప్పిన ప్రతి అభ్యర్థికీ పూర్తి మార్కులు వేశాను. ఎంతమందికి వేశానో లెక్క లేదు. సీను వేరే జిల్లాలో, వేరే ఎగ్జామినరు ముందు పరీక్ష రాశాడు. అతను నా ముందు కూర్చుని ఉన్నా అదే జవాబుకు అవే మార్కులు వచ్చేవి. ఇది నాకు తట్టింది కొమురవెల్లి నుంచి తిరిగి వస్తూ జీపులో. ఆ తర్వాత మిగిలిన ఏడాదిన్నరలో జరిగిన మూడు పరీక్షల్లో ప్రశ్న మార్చాను. ల్యాంపు వెలిగిందనుకో, న్యూట్రల్ విప్పేసి మళ్లీ ల్యాంపు పెట్టి చూశావా అని అడిగాను. చాలామంది తెల్లమొహం వేశారు. వాళ్లను ఫెయిల్ చేయలేదు. ఆ కూర్చున్న చోటే టేబుల్ మీద బోర్డు పెట్టి, న్యూట్రల్ విప్పి, ల్యాంపు ఆరడం చూపించి పంపాను.

ఆ ఇంటి కేసు నాకు నేర్పినవి రెండు. ఇంట్లో ఒక యంత్రాన్ని అంతస్తు మార్చేటప్పుడు యంత్రంతో పాటు దాని ఎర్త్ తీగను కూడా భూమి నుంచి అక్కడిదాకా తీసుకెళ్లాలి. అది వీలు కానంత కాలం యంత్రాన్ని కిందే ఉంచాలి. ఇక రెండోది, ఒకరితో ఒకరికి పడని ఇద్దరు మనుషులు విడివిడిగా ఒకే మాట చెప్పినప్పుడు, అది ఎంత అసాధ్యంగా వినిపించినా, ముందు దాన్ని నిజమనుకుని కొలతలు మొదలుపెట్టాలి.